గుడ్ మాస్టారూ, వియ్యపురాలి క్లచ్చూ

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి ఇంగ్లీషులో ఒక్కటే మాట వచ్చు. అది కూడా ఆయన ముచ్చటపడి నేర్చుకున్నది కాదు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నేర్చుకున్నది.

అంతకుముందు ఆయన లారీ నడిపేవాడు. లారీ క్యాబిన్లో ముదిరిన నోరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నడుం పట్టేసి లారీ మానేశాక డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. చేరిన వారంలోనే ఒక బ్యాంకు మేనేజరుగారు ఆయన చేతికి చిక్కాడు. నాలుగు రోడ్ల కూడలిలో మేనేజరుగారు బ్రేకు అనుకుని ఇంకేదో తొక్కితే, మాస్టారు పాత అలవాటు కొద్దీ ఆయన్నీ, ఆయన చదువునీ, ఆ చదువు చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్ళనీ కలిపి నాలుగు కడిగేశాడు. మేనేజరుగారు కిమ్మనలేదు. బండి ఆపాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. తలుపు మర్యాదగా మూసి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. కారేమో కూడలి నడిబొడ్డున, ఎల్ బోర్డుతో సహా, మాస్టారితో సహా, మధ్యాహ్నం దాకా ఊరందరికీ దర్శనమిస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం స్కూలు ఓనరమ్మ ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుంది. ఆవిడ అరవదు. అదే ఆవిడలో భయపెట్టే సంగతి.

"మాస్టారూ, మీ నోరు పెద్దది, నా స్కూలు చిన్నది. రెండూ ఒకచోట ఇమడవు. రేపట్నుంచి బండెక్కాక మీ నోట్లోంచి ఒకటే మాట రావాలి. గుడ్. అంతే."

"తప్పు చేసినా?"

"గుడ్."

"గోడకి గుద్దినా?"

"గుద్దినా గుడ్డే. గోడ సంగతి నేను చూసుకుంటాను."

నోటికి తాళం వేయొచ్చు గానీ, లోపల మరిగేదాన్ని ఏం చేస్తారు? అది ఏదో ఒక సందులోంచి బయటికి రావాలి కదా. మాస్టారి తిట్లన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చి సర్దుకున్నాయి. పొట్టిగా 'గుడ్' అంటే బ్రేకు తొక్కమని. సాగదీసి 'గూ...డ్' అంటే ఎదురుగా స్కూటరు మీద ఒక పెద్దాయన వస్తున్నాడు, ఆయనకీ పెళ్ళాం బిడ్డలున్నారు, కాస్త చూడమని. గొంతులోనే నమిలి మింగేస్తే, ఇంత మందబుద్ధిని ఈ రోడ్డు మీద ఇంతకుముందు చూడలేదని. గుడ్‌గుడ్‌గుడ్ అని వడగళ్ళు కురిపిస్తే ఆపు, ఆపు, ఆపమని. ఇక 'వెరీ గుడ్' అన్నది బండి ఆగి, ఇంజను ఆరి, లెక్కకి అందరూ ప్రాణాలతో తేలాక మాత్రమే వచ్చేది.

నేర్చుకునేవాళ్ళు తొందరగానే పసిగట్టేవాళ్ళు. క్లచ్చూ గేరూ కంటే ముందు వాళ్ళకి వంటబట్టేది మాస్టారి గుడ్డే. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళు: "పొట్టిదొస్తే తొక్కు, పొడుగుదొస్తే చూడు, ఏదీ రాకపోతే మాస్టారు కళ్ళు మూసుకున్నాడని అర్థం." వీధిలో పిల్లలు ఆ మాటకి చివర కొమ్ము తగిలించి ఆయన్ని గుడ్డు మాస్టారన్నారు. ఆయన పట్టించుకోలేదు. కోడే పట్టించుకోనప్పుడు నాకెందుకు అనేవాడు.

మధ్యలో ఒక ఇంగ్లీషు లెక్చరరు నేర్చుకోవడానికి వచ్చి ఆయన మీద జాలిపడ్డాడు. "ఎంతకాలం ఆ ఒక్క మాటతో కాపురం చేస్తారు మాస్టారూ? దానికి అక్కచెల్లెళ్ళు బోలెడంతమంది ఉన్నారు" అని నైస్, ఫైన్, గ్రేట్, బెటర్, ఎక్సలెంట్ అనే పరివారాన్నంతా పరిచయం చేశాడు. మాస్టారు ఒక్కొక్కదాన్నీ రోడ్డు మీదికి తీసుకెళ్ళి చూశాడు. 'ఫైన్' అనగానే ఒక ట్యూషన్ల పంతులమ్మ స్టీరింగు వదిలేసి, పోలీసు ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగింది. 'గ్రేట్' అంటే కాలేజీ కుర్రాళ్ళు ఇంకాస్త తొక్కేవాళ్ళు. భార్యాభర్తలు ఒకే కార్లో నేర్చుకుంటుంటే భార్యతో 'బెటర్' అన్నాడు. ఎవరికంటే అని భర్త అడిగాడు. ఇంకెవరున్నారు కార్లో అని ఆవిడంది. ఆ తర్వాత వారం దాకా ఆ దంపతుల మధ్య మాటల్లేవు, మాస్టారికి వాళ్ళ మధ్య రాయబారాలు తప్పలేదు. 'ఎక్సలెంట్' సంగతి సరేసరి. ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటపడేలోగా బండి, పాఠాల జాగాలో అడ్డంగా పెట్టిన నీళ్ళ డ్రమ్ముకి గుద్దుకునేది. 'నైస్' అందామంటే ఆయన పళ్ళ సందుల్లోంచి ఈలలా వచ్చేది. ఊరి చివర మూతపడ్డ సినిమా హాలు వెనక, నీళ్ళ డ్రమ్ములు వరసగా పెట్టిన ఖాళీ జాగాలో, అక్కచెల్లెళ్ళందరినీ ఎవరి పుట్టింటికి వాళ్ళని పంపించేసి, మాస్టారు మళ్ళీ తన గుడ్డు దగ్గరికే వచ్చాడు. పొట్టిది, తొందరగా తెమిలేది, చెప్పినట్టు వినేది.

చిక్కేమిటంటే, అది ఇంటికి కూడా వెంట వచ్చేసింది. కాఫీ ఎలా ఉందంటే గుడ్. కర్టెన్లు మార్చాను చూశారా అంటే గుడ్. మాస్టారి భార్య మొదట్లో చిరాకుపడింది, తర్వాత చెవి పెట్టి వినడం నేర్చుకుంది. కాఫీకి పొట్టి గుడ్ వస్తే పంచదార ఎక్కువైందని, సాగదీస్తే చల్లారిందని ఆవిడకి తెలిసిపోయింది. ఒక్కగానొక్క కూతురు ఆ గుడ్ల మధ్యనే పెరిగింది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ నాన్న అన్న గుడ్డుని బట్టి ఆ సాయంత్రం ఆడుకోవడానికి వెళ్ళొచ్చో లేదో ఆ పిల్లే తేల్చుకునేది.

ఆ పిల్లకి ఈమధ్యే పెళ్ళయింది. అల్లుడు మందుల షాపులో పనిచేస్తాడు, బుద్ధిమంతుడు. అల్లుడి తల్లి, అంటే మాస్టారి వియ్యపురాలు, ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. భర్త పోయాక కొడుకుని ఒంటి చేత్తో పెంచిన మనిషి. గదిలోకి ఆవిడ వస్తే ఫ్యాను కూడా కాస్త సర్దుకుని తిరుగుతున్నట్టుంటుంది. ఎదుటివాళ్ళ మొహం చూసి అబద్ధం పట్టేయగలనని ఆవిడకి గట్టి నమ్మకం.

అలాంటి మనిషి ఒక పొద్దున డ్రైవింగ్ స్కూలు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"అన్నయ్యగారూ, నేను కారు నేర్చుకుంటాను. మీ దగ్గరే. ఇంకెవరి దగ్గరా కాదు."

మాస్టారికి గుండె జారి చెప్పుల్లో పడింది. "గుడ్ అండీ" అన్నాడు. ఆ మాటకి 'అండీ' తగిలించడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, అత్తయ్యని ఏమీ అనకు. ఆవిడ మనసు నొచ్చుకుందంటే నోటితో చెప్పదు. ఇంట్లో నెల రోజులు మౌనవ్రతం. నేనిప్పుడిప్పుడే ఆ ఇంట్లో కుదురుకుంటున్నాను."

"నేనేమంటానే? నాకొచ్చిందే ఒక మాట."

"ఆ మాటే నాన్నా. దాంట్లో ఏమేం పెట్టి చుడతావో నాకు తెలీదా? ఈసారి మాత్రం ఖాళీది పంపించు."

ఖాళీదే పంపించాలని ఒట్టు పెట్టుకుని మాస్టారు మర్నాడు పక్క సీట్లో కూర్చున్నాడు. డ్రైవింగ్ స్కూలు కారుకి ఒక ప్రత్యేకత ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఉన్నట్టే, పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ళ కింద కూడా ఇంకో క్లచ్చూ ఇంకో బ్రేకూ ఉంటాయి. ఇక్కడ తొక్కితే అక్కడా దిగుతుంది. ప్రాణం మీదికొస్తే తప్ప వాటిని వాడకూడదన్నది ఆ వృత్తిలో నీతి. వాడితే నేర్చుకునేవాళ్ళకి ఏమీ రాదు.

వార్డెనుగారు కారుని హాస్టలు పిల్లలా చూసింది. చెబితే వినాలి. క్లచ్చు మీంచి కాలుని, కాలే గిన్నె మీంచి చెయ్యి తీసినంత చటుక్కున తీసేది. వెనక అద్దం చూడండి అన్నట్టు మాస్టారు వేలు చూపిస్తే, "వెనకొచ్చేవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకోవాలి, అది నా పని కాదు" అంది. మొదటిసారి బండి ఎగిరిపడి ఆగబోయింది. ఆవిడ మొహంలో రంగు మారింది. అదిగో, అక్కడే మాస్టారి కాలు జారింది. తన క్లచ్చు నెమ్మదిగా తొక్కి పట్టి, పూల బుట్ట దించినట్టు వదిలాడు. కారు కులాసాగా కదిలింది.

"బాగానే కదిలిందే," అంది ఆవిడ, తనలో తాను.

"గుడ్ అండీ."

అలా మొదలైంది. మర్నాడు ఇంకో రెండు చోట్ల కాలు వేశాడు. ఆ వారం తిరిగేసరికి క్లచ్చూ బ్రేకూ పూర్తిగా మాస్టారి చేతికి, చేతికేమిటి, కాళ్ళకి వచ్చేశాయి. వార్డెనుగారి వంతు స్టీరింగు తిప్పడం, గేరు కర్ర లాగడం, కబుర్లు చెప్పడం. రైలు వంతెన మీద ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించడమంటే పాతకాపులకే చెమటలు పడతాయి. ఆవిడ మాత్రం అక్కడ హాస్టల్లో నీళ్ళ ట్యాంకు పొంగిన కథ చెబుతూ దాటేసింది.

"అన్నయ్యగారూ, ఈ కారు నా మనసు కనిపెట్టి నడుస్తోందండీ. నేను అనుకునేలోపే పెడలు దానంతటదే కిందికి వెళ్ళిపోతుంది."

"చాలా గుడ్ అండీ," అన్నాడు మాస్టారు, తొడలు వణుకుతుంటే.

ఇంటికొస్తే మోకాలు వాచి ఉండేది. మాస్టారి భార్య నూనె రాస్తూ రెండు రోజులు చూసింది, మూడో రోజు సీసా మూత పెట్టేసింది.

"ఆవిడ కారు నేర్చుకుంటుంటే వాచాల్సింది ఆవిడ మోకాలు కదా. మీదెందుకు వాచింది?"

మాస్టారు నోరు తెరవబోయాడు.

"గుడ్ అనకండి. ఏం చేస్తున్నారో చెప్పండి."

చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వడం అయ్యాక, "మరి టెస్టు రోజు మీ సీట్లో ఆఫీసరు కూర్చుంటాడుగా? ఆయన కాళ్ళు వదినగారి కోసం కదులుతాయా?" అంది.

మాస్టారికి ఆ సంగతి తట్టక కాదు. టెస్టులో ఒకసారి తప్పితే తప్పుతుంది, ఊళ్ళో సగం మంది తప్పినవాళ్ళేగా, అప్పుడు నెమ్మదిగా మొదట్నుంచీ చెప్పొచ్చు అనుకున్నాడు. మర్యాద తన దగ్గర ఉంటుంది, చెడ్డపేరు ఆఫీసరుకి పోతుంది. తప్పించుకునేవాడికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?

ఆ దారి కాస్తా టెస్టుకి రెండు రోజుల ముందు మూసుకుపోయింది. ఆ పొద్దున వార్డెనుగారు పాఠానికి వస్తూనే ఫోన్లో ఫోటో చూపించింది. చిన్న నీలం రంగు కారు, సెకండ్ హ్యాండ్‌ది, శుభ్రంగా తుడిచి మెరుస్తోంది.

"కొనేశాను. ఎందుకనుకుంటున్నారు? మీ అమ్మాయి కోసమే. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు ఊరికి ఆ చివర, మా ఇల్లు ఈ చివర. పొద్దున్నే రెండు బస్సులు మారి, నిలబడి, నలిగి వెళ్తోంది పిల్ల. మావాడికి స్కూటరు మీద తీసుకెళ్ళడానికి తీరదు. నాకు పనేముంది? టెస్టు తప్పినా సరే, ఎల్ బోర్డు తగిలించుకుని మర్నాటినుంచి నేనే దింపుతాను. ఆ పిల్లకి ఇంకా చెప్పలేదు. మీరూ చెప్పకండి."

మాస్టారి నోరు తెరుచుకుంది. లోపలున్న గుడ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి గొంతుకి అడ్డం పడ్డాయి. ఆ నీలం కారులో పక్క సీటు కింద పెడళ్ళేమీ ఉండవు. చాప ఉంటుంది. ఆ చాప మీద తన కూతురి కాళ్ళుంటాయి.

చెబితే ఈ మహాతల్లి నొచ్చుకుంటుంది. ఇన్నాళ్ళూ నన్ను ఆడించారా అంటుంది. ఆ కోపం తిన్నగా వెళ్ళి కూతురి నెత్తిన పడుతుంది. చెప్పకపోతే, అదే కూతురు పొద్దున్నే ఆవిడ పక్కన కూర్చుని నాలుగు రోడ్ల కూడలి దాటాలి. పోనీ ఏదో ఒక రకం గుడ్డుతో సర్దిచెబుదామా అని మాస్టారు ఆ రోజంతా రకరకాలుగా అని చూసుకున్నాడు. భార్య కూరలు తరుగుతూ విని, "ఏం లాభం లేదు. మీకు కారు రాదు అనే అర్థం వచ్చే గుడ్ ఇంకా పుట్టలేదు" అంది.

మర్నాడు ఆఖరి పాఠం. సినిమా హాలు వెనక, డ్రమ్ముల మధ్య, వార్డెనుగారు స్టీరింగు ముందు కూర్చుని బెల్టు పెట్టుకుంది. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు. రెండు కాళ్ళూ పైకి తీసుకుని, సీట్లో బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ చిత్రంగా చూసింది. "కాళ్ళ నొప్పులా అన్నయ్యగారూ?"

"కాదండీ. ఇవాళ మీరు నడపండి."

"రోజూ నేనేగా నడుపుతున్నది," అంటూ ఆవిడ గేరు వేసింది, ఎప్పటిలాగే క్లచ్చు మీంచి కాలు తీసింది.

కారు కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ స్టార్టు చేసింది. మళ్ళీ గెంతింది. మూడోసారి గెంతు డ్రమ్ము దాకా వెళ్ళింది. నీళ్ళ డ్రమ్ము దొర్లుకుంటూ వెళ్ళి గోడకి ఆనుకుంది. దూరంగా ఇంకో కారులో నేర్చుకుంటున్నవాళ్ళు చూడనట్టు చూశారు.

"ఇవాళ దీనికేమొచ్చింది?"

"దానికేం రాలేదండీ."

వార్డెనుగారు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన మడుచుకున్న కాళ్ళ వైపు చూసింది. తర్వాత ఆ కాళ్ళు ఉండాల్సిన చోటుకి వంగి చూసింది. అరిగి నున్నబడ్డ రెండు పెడళ్ళు.

"అవి కాళ్ళు పెట్టుకునే పీటలనుకున్నాను. ఏంటవి?"

"క్లచ్చండీ. బ్రేకండీ."

"ఎవరికి?"

"నాకండీ."

ఆవిడ గోడకి ఆనుకున్న డ్రమ్ము వైపు చెయ్యి చూపించింది.

"ఇన్నాళ్ళూ మీరే..."

"చెల్లెమ్మగారూ, మీకు కారు నడపడం రాదు," అన్నాడు మాస్టారు. బండెక్కాక ఆయన నోట్లోంచి తప్పుని తప్పనే వాక్యం వచ్చి ఎన్నేళ్ళయిందో. చెవులకి అది వేరేవాళ్ళ గొంతులా వినపడింది. "తప్పు మీది కాదు. నేను నేర్పలేదు. మా అమ్మాయి మీ ఇంట్లో ఉంది, మీకు కోపం వస్తుందని నేనే నడిపేశాను. ఇప్పుడు మా అమ్మాయే మీ కారెక్కుతుందన్నారు. ఇక నా వల్ల కాలేదు."

వార్డెనుగారు బెల్టు విప్పింది. ఇంజను ఆపింది. తాళంచెవి తీసింది. మాస్టారికి కళ్ళ ముందు బ్యాంకు మేనేజరు మెదిలాడు. ఈసారి బస్సెక్కి వెళ్ళేది మేనేజరు కాదు, కూతురి కాపురం అనుకున్నాడు.

ఆవిడ దిగలేదు. తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. హాస్టల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నిలదీసేటప్పుడు ఇలాగే కూర్చునేదేమో.

"మరి గుడ్ అన్నారు?"

"అన్నానండీ."

"మొన్న పెట్రోలు బంకు దగ్గర అన్నారు. అదేంటి?"

"అది... బంకువాడు బతికిపోయాడని అండీ."

"వంతెన మీద రెండుసార్లు అన్నారు."

"మొదటిది దేవుడికండీ. రెండోది మీకు. కళ్ళు తెరవమని."

"నేను కళ్ళు మూసుకున్నానా?"

"రెండూ అండీ."

ఆవిడ పెదవి బిగించింది. "ఒక రోజు వెరీ గుడ్ అన్నారు. అది మా అబ్బాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను. అదైనా నిజమా?"

మాస్టారు తటపటాయించాడు. ఎలాగూ ఇంతదాకా వచ్చింది. "ఆ రోజు వాన పడుతోందని మీరు బండి తీయనే లేదండీ."

వార్డెనుగారు మొహం తిప్పేసుకుంది. మాస్టారు మౌనవ్రతం మొదలైందనే అనుకున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ దించడానికి ధైర్యం చాల్లేదు.

"మీ అమ్మాయి," అంది ఆవిడ చివరికి, "మా ఇంట్లో అన్నిటికీ అదే మాట అంటుంది. పరుపు మెత్తగా ఉందా అంటే గుడ్ అత్తయ్యా. నేను కొన్న చీర నచ్చిందా అంటే గుడ్ అత్తయ్యా. నాకేదో తేడాగా ఉండేది. హాస్టల్లో కూడా అంతే కదా. మెస్సు ఎలా ఉందర్రా అంటే అందరూ గుడ్ మేడమ్ అనేవాళ్ళు. నేను రిటైరై వెళ్ళే రోజున వంటామె చెప్పింది, పిల్లలు సగం ప్లేట్లు పారేసేవాళ్ళని. ఈ పిల్ల కూడా ఏం పారేస్తోందో నాకెలా తెలుస్తుంది? అడిగితే చెప్పదు. నేనంటే అంత భయమా అని లోపల్లోపల మథనపడుతున్నాను. తీరా చూస్తే ఈ రోగం మీ ఇంటిది."

"మా ఇంటిదేనండీ," అన్నాడు మాస్టారు. పాపం, ఆ మాటకొస్తే అది ఓనరమ్మ అంటించిన రోగం. కానీ ఇప్పుడా వివరాలెందుకు?

"అయితే దాని మందు కూడా మీ దగ్గరే ఉండాలి. కాఫీ ఎలా ఉందంటే ఎలా అంటుందో చెబుతాను, అర్థం చెప్పండి. గుడ్, అంటుంది. ఇలా, తుంచినట్టు."

మాస్టారు వృత్తి నిపుణుడిలా తల పంకించాడు. "పంచదార ఎక్కువైందండీ. వాళ్ళమ్మ దగ్గర అర చెంచా."

"పరుపుకి సాగదీస్తుంది. గూ...డ్ అత్తయ్యా, అని."

"సాగదీసి చివర్లో తగ్గిస్తుందా, ఎత్తుతుందా?"

"తగ్గిస్తుంది."

"నడుం నొప్పి అండీ. మరీ మెత్తగా ఉండుంటుంది."

"అయ్యో. మెత్తగా ఉండాలనే కొత్తది కొన్నాను." ఆవిడ నొచ్చుకుంది, కానీ ఆ నొచ్చుకోవడంలో కోపం లేదు. "మరి చీరకి గొంతులోనే మింగేసింది."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు.

"చెప్పండి అన్నయ్యగారూ."

"అది మాత్రం అడక్కండి."

వార్డెనుగారు ఫక్కున నవ్వింది. ఆవిడ నవ్వగా మాస్టారు చూడడం అదే మొదటిసారి. వీపు వెనక్కి వాల్చి, స్టీరింగు మీద చెయ్యి కొడుతూ నవ్వింది. చెయ్యి హారన్ మీద పడి, దూరంగా ఉన్న కారు ఉలిక్కిపడి ఆగిపోయింది.

నవ్వడం అయ్యాక తాళంచెవి మళ్ళీ పెట్టి తిప్పింది. "టెస్టు వాయిదా వేయించండి. మొదట్నుంచీ చెప్పండి. కాళ్ళు అలాగే పైన పెట్టుకుని. ఇంకో సంగతి, గుడ్ అనొద్దు. తిట్టండి."

"తిట్టడమా? మిమ్మల్నా?"

"అండీ తగిలించి తిట్టండి. మర్యాదకి లోటుండదు."

ఆ తర్వాత రోజుల్లో సినిమా హాలు వెనక జరిగిన పాఠాలు చూడడానికి మిగతా విద్యార్థులు కాస్త ముందే వచ్చేవాళ్ళు. "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారా అండీ?", "ఆ అద్దం బొట్టు పెట్టుకోవడానికి కాదండీ", "క్లచ్చు మీద కాలా, పాము మీద కాలా అండీ?" మాస్టారి నోట్లో ఇన్నేళ్ళుగా నిలవున్న సరుకంతా మర్యాదగా, బహువచనంలో బయటికి వచ్చింది. వార్డెనుగారు కూడా తక్కువ తినలేదు, అన్నిటికీ ఎదురు సమాధానం చెబుతూనే నేర్చుకుంది. సంగతి తెలిసి ఓనరమ్మ వచ్చి నిలబడింది. రూలు ఏమైంది మాస్టారూ అని అడగబోతే, "ఆ రూలు మిగతావాళ్ళకి అమ్మా. నేను ఆయన వియ్యపురాల్ని. నాకు తిట్లే కావాలి" అని వార్డెనుగారే పంపించేసింది.

టెస్టు పాసైంది. ఆఫీసరు కాళ్ళు ముడుచుకునే కూర్చున్నాడట, భయంతో. అయినా పాసైంది.

తర్వాతి సోమవారం పొద్దున నీలం కారు ఇంటి ముందు ఆగితే మాస్టారి కూతురు నమ్మలేకపోయింది. మొదటి రోజు కాబట్టి మాస్టారు పక్క సీట్లో, కూతురు వెనక. కారు కదిలింది. మాస్టారి కాళ్ళు చాప మీద వాటంతటవే వెతుక్కుంటున్నాయి, లేని క్లచ్చుని, లేని బ్రేకుని. సందు మలుపులో చాపకి చిల్లు పడేంత తొక్కాడు. కారు మాత్రం తన మానాన తను మలుపు తిరిగింది.

నాలుగు రోడ్ల కూడలికి వచ్చేసరికి, బ్యాంకు మేనేజరు దిగిపోయిన చోటే, ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు. వార్డెనుగారు గేరు తీసి, మళ్ళీ స్టార్టు చేసి, క్లచ్చు మీంచి కాలు నిదానంగా తీసింది. కదిలింది. కదిలిన సంతోషంలో కాస్త ఎక్కువే కదిలింది.

"గూ...డ్ అత్తయ్యా," అంది వెనకనుంచి కూతురు.

వార్డెనుగారు అద్దంలోకి చూసింది. అద్దం చూడడం ఇప్పుడు ఆవిడకి అలవాటైంది. "అది ఏ రకం గుడ్ తల్లీ?"

కూతురు తండ్రి వైపు చూసింది. మాస్టారు కిటికీ బయట దీపస్తంభాలు లెక్కపెడుతున్నవాడిలా మొహం పెట్టాడు.

"మీ నాన్న అర్థాలన్నీ చెప్పేశారు. ఇక దాచుకుని లాభం లేదు."

కూతురు ముందు సీటు అంచు పట్టుకుంది.

"భయమేస్తోంది అత్తయ్యా. కొంచెం నెమ్మదిగా వెళ్ళండి."

కారు నెమ్మదించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

"ఇంకేంటి? కాఫీ సంగతి తెలిసిపోయింది, పరుపు సంగతీ తెలిసిపోయింది. ఇంకా ఏమైనా ఉందా?"

ఉంది. మొదట ఒక్కొక్కటే వచ్చింది, భయంభయంగా. బాత్రూము గొళ్ళెం సరిగా పడదు. పొద్దున్నే రేడియో కాస్త చిన్నగా పెడితే బాగుంటుంది. ఆ చీర... ఆ చీర రంగు అస్సలు బాలేదు అత్తయ్యా. "నాకూ బాలేదు, అంగడివాడు అంటగట్టాడు" అంది ఆవిడ. దాంతో వెనక సీటుకి జోరు వచ్చింది. ల్యాబు వచ్చేదాకా ఇద్దరూ ఆపలేదు. అత్తగారికి కూడా చెప్పాల్సినవి చాలానే ఉన్నట్టు తేలింది, తడి తువ్వాలు మంచం మీద వేయడం దగ్గర్నుంచీ.

ఆ కబుర్ల మధ్య ఎక్కడో మాస్టారి కాళ్ళు వెతుక్కోవడం మానేశాయి. కారు ల్యాబు ముందు ఆగాకే ఆయనకి ఆ సంగతి తెలిసింది. కూతురు దిగి, కిటికీలోంచి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వార్డెనుగారు వింటూనే మాస్టారి వైపు తిరిగింది, ఇక మీరేమంటారు అన్నట్టు.

మాస్టారికి నిజంగానే గుడ్ అనాలనిపించింది. లోపల ఏమీ దాచని, చదునుగా, ఉన్నదున్నట్టు ఒక గుడ్. నోరు తెరిచాడు. కానీ ఇన్నేళ్ళలో ఆ రకం ఎప్పుడూ వాడలేదు, ఎలా మొదలుపెట్టాలో గొంతుకి తోచలేదు. ఈలోగా కారు అంగుళం అంగుళం చొప్పున వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"హ్యాండ్ బ్రేకండీ," అన్నాడు.

ఆవిడ కోడలితో మాట ఆపకుండానే దాన్ని లాగింది.